అడుగున కొత్త కుట్టు

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు గిరిజ ఆక్లండ్ శివారు న్యూ లిన్‌లో నారాయణ ఇంటి ముందు కారు ఆపింది. వెనక సీట్లోంచి ఆకుపచ్చ కాన్వాస్ బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది. ఆ బ్యాగు కుసుమది. కుసుమ గురువారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు.

గిరిజకు నలభై నాలుగేళ్లు. పదేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిములు తనిఖీ చేసి, తర్వాత లైసెన్సు తీసుకుని సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. నగరం అవతలి కొసన పాపటోయిటోయిలో ఓ కిరాణా కొట్టు మీద ఒంటిగది ఆఫీసు. ఈ కేసు ఆమె దగ్గరికి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. తెచ్చింది తారాబాయి. హైదరాబాదు మనిషి, గిరిజ ఆఫీసుకు రెండు వీధుల అవతల బట్టలు కుట్టే షాపు నడుపుతుంది.

తారాబాయి చెప్పిన వివరాలు నోట్‌బుక్కులో ఒక పేజీకి సరిపోయాయి. కుసుమకు ఇరవై ఏడేళ్లు. నిజామాబాదు నుంచి స్టూడెంటుగా వచ్చి, చదువయ్యాక ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌనులో డిస్పాచ్ క్లర్కుగా చేరింది. వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. వీకెండ్లలో తారాబాయి షాపులో కుట్టుపని చేసేది. మూడు వారాల కిందట ఆ గోడౌనులో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి బోల్తాపడి రాఘవ్ అనే డ్రైవరు చనిపోయాడు. బండి బాగానే ఉందనీ, అతనే స్పీడుగా నడిపాడనీ కంపెనీ అంటోంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ప్రభుత్వ సేఫ్టీ ఇన్‌స్పెక్టరు ముందు కుసుమ సాక్ష్యం చెప్పాలి. ఈలోగా మనిషి మాయమైంది. ఫోను ఆఫ్‌లో ఉంది. పోలీసులు ఫిర్యాదు రాసుకుని, పెద్దపిల్లే కదా, రెండు రోజులు చూద్దామన్నారు. దొరికిందల్లా ఈ బ్యాగు. గురువారం సాయంత్రం ట్రైన్లో సీటు కింద పడి ఉంటే రైల్వేవాళ్లు తీసి ఉంచారు. శుక్రవారం తారాబాయి వెళ్లి తెచ్చుకుంది.

నారాయణ తలుపు తీశాడు. ఫిజీలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఆక్లండ్‌లో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంటి వెనక గరాజును గదిగా మార్చి కుసుమకు అద్దెకిచ్చాడు. గిరిజ అడిగిన ప్రతిదానికీ ఆయన గంటా నిమిషంతో సహా జవాబు చెప్పాడు. అది బస్సు నేర్పిన అలవాటన్నాడు.

గురువారం కుసుమ మూడున్నరకు వచ్చింది. మామూలుగా ఆరు దాటితేగాని రాదు. మూడు యాభైకి ఈ బ్యాగు వేసుకుని స్టేషన్ వైపు నడిచింది. చెయ్యి ఊపింది కానీ మాట్లాడలేదు. నాలుగున్నరకు ఒకాయన వచ్చాడు. తెల్ల షర్టు, నెరిసిన మీసం, తెలుగులో మర్యాదగా మాట్లాడాడు. కుసుమ ఆఫీసు నుంచి వచ్చానని, ఆ అమ్మాయి పొరపాటున ఒక ఫైలు ఇంటికి తెచ్చిందని అన్నాడు. నారాయణ గది తీసి తనూ గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చినాయన అలమార, పరుపు కింద, కుట్టుబల్ల చూశాడు. నాలుగు నలభై రెండుకి ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

పేరు చెప్పాడా అని గిరిజ అడిగింది. చెప్పలేదట. తనూ అడగలేదట. ఆ మాట అంటున్నప్పుడు నారాయణ ముఖం చిన్నబోయింది. తన ఇంట్లో ఉంటున్న ఆడపిల్ల గదిని ముక్కూ మొహం తెలియనివాడికి తెరిచానే అని రెండు రోజులుగా నిద్రపట్టడం లేదన్నాడు. గిరిజ ఆయన్ని తప్పుపట్టకుండా గది తాళం అడిగి తీసుకుంది.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. మంచం, ఎలక్ట్రిక్ కుక్కర్, కిటికీ కింద కుట్టుబల్ల. గిరిజ బ్యాగును బల్ల మీద పెట్టి, ఫోనులో కుసుమ ఫేస్‌బుక్ పేజీ తెరిచింది. ఈ బ్యాగును ఎలా మార్చుకున్నదీ కుసుమ ఫోటోల వారీగా పెట్టింది. మొత్తం పదకొండు ఫోటోలు. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు.

మొదటి ఫోటోలో బ్యాగు గుర్తుపట్టలేనట్టు ఉంది. జనం విరాళమిచ్చిన పాత సామాను అమ్మే ఆప్ షాపులో కొన్నది. రంగు వెలిసింది, రెండు పట్టీలూ తెగాయి, అడుగు చిరిగింది, జిప్పు ఊడింది. తర్వాతి ఫోటోల్లో అది ఒక్కో మెట్టూ ఎక్కింది. పాత పట్టీలు కోసేసి, తుక్కు కార్ల యార్డు నుంచి తెచ్చిన సీటుబెల్టు పట్టీ వేసింది. ఎవరో రోడ్డు పక్కన పారేసిన సోఫా తోలు కోసుకొచ్చి అడుగు కుట్టింది. పాత టెంటు జిప్పు అమర్చింది. లోపల కర్టెన్ గుడ్డతో అస్తరు వేసింది. ఆఖరికి కొవ్వొత్తి రుద్ది, హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, కాన్వాసుకు మైనం పట్టించింది, వాన నీళ్లు దిగకుండా.

ఎక్కడా మిషన్ కుట్టు లేదు. తోలు మందంగా ఉంటే ఇంటి మిషన్ సూది విరుగుతుందనీ, అందుకే ఆరెతో బెజ్జాలు పొడిచి చేత్తో కుట్టాననీ తొమ్మిదో ఫోటో కింద రాసింది. ఒకే దారం రెండు కొసలకీ రెండు సూదులు ఎక్కించి, ప్రతి బెజ్జంలో ఎదురెదురుగా దూర్చి లాగే కుట్టు. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది.

గిరిజ బల్ల సొరుగు లాగింది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే ఆరె, మొద్దు సూదులు రెండు, తేనెమైనం ముద్ద, మైనం పట్టించిన గోధుమరంగు నారదారం ఉండ. కత్తెర తీసి వేళ్లు దూర్చబోతే పట్టు కుదరలేదు. అది ఎడమచేతివాళ్ల కత్తెర.

బ్యాగును బోర్లించి, తొమ్మిదో ఫోటోను పక్కన పెట్టి చూసింది. ఫోటోలో తోలు అడుగు చుట్టూ కుట్లన్నీ ఒకే వాలులో, ఎడమకు ఒరిగి ఉన్నాయి. బ్యాగు మీద మూడు వైపులా అంతే. నాలుగో వైపు జానెడు మేర తేడా కనిపించింది. అక్కడ దారం మెరుస్తోంది. రంగు దాదాపు అదే కానీ మైనం లేదు. వేలితో రాస్తే నున్నగా జారింది. బెజ్జాలు పాతవే, వాలు కూడా ఎడమకే. అంటే కుట్టిన చెయ్యి అదే, దారం మాత్రం వేరు.

ఆ జానెడు కుట్టు విప్పితే తోలుకీ అస్తరుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. మడిచిన కాగితం సులువుగా పడుతుంది. గిరిజ పైనుంచి బొటనవేలితో నొక్కుకుంటూ పోయింది. ఏమీ తగల్లేదు.

గదిలో మెరిసే దారం కోసం వెతికింది. సొరుగులో లేదు, అలమారలో లేదు, చెత్తబుట్టలో తుంపు కూడా లేదు.

ఒంటిగంట నలభైకి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. తల తిప్పి చూస్తే శ్రీపతి.

గిరిజకు ఆయన బాగా తెలుసు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఆరేళ్లు పక్క బల్ల మీద పనిచేశాడు. చురుకైన మనిషి. తర్వాత బయటికి వెళ్లి, కంపెనీలకు సేఫ్టీ సలహాలిచ్చే పనీ, వాటి తరఫున విచారణలు చేసే పనీ పెట్టుకున్నాడు. రెండుసార్లు గిరిజ చేతిలోని కేసులు పట్టుకుపోయాడు. రెండుసార్లూ ఆమెకంటే ముందే తేల్చాడు. అది ఆమె మర్చిపోలేదు.

గోడౌను కంపెనీ తనను అంతర్గత విచారణకు పెట్టుకుందని శ్రీపతి చెప్పాడు. ఆఫీసు కాగితం ఒకటి కుసుమ దగ్గర ఉండిపోయిందట. అందుకే ఆమె ఉండే చోటు ఒకసారి చూసిపోదామని ఇవాళ వచ్చాడట. ఆయన మాట పూర్తి కాకముందే వెనక నుంచి నారాయణ కదిలాడు.

"మొన్న నాలుగున్నరకు వచ్చింది మీరే," అన్నాడు.

శ్రీపతి తొణకలేదు. అవునన్నాడు. మొన్న వచ్చింది ఫైలు కోసం, ఇవాళ వచ్చింది మనిషి కోసం, రెండూ వేర్వేరు పనులన్నాడు. కంపెనీ ఇచ్చిన లెటరు తీసి బల్ల మీద పరిచి, బ్యాగు చూపించమని అడిగాడు.

గిరిజ లెటరు చదివి మడిచి తిరిగిచ్చింది. "ఇది మీ కంపెనీ రాసుకున్న ఉత్తరం. కోర్టు ఆర్డరు కాదు. బ్యాగు నా క్లయింటు అప్పగించింది."

"కాదనడం లేదండి. మీ ఎదురుగానే ఐదు నిమిషాలు చూస్తాను. దేన్నీ కొయ్యను, చింపను. చూశాక మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఇద్దరం వెతికేది ఒక్క మనిషినేగా."

గిరిజ ఒక్క క్షణం ఆలోచించింది. కుసుమ ఏం దాచిందో తనకు తెలియదు. ఈయనకు తెలిసి ఉండవచ్చు. చెయ్యి ఎక్కడికి పోతుందో చూస్తే సగం పని అవుతుంది. సరేనంది.

శ్రీపతి జిప్పు తియ్యలేదు, జేబులు తడమలేదు. నేరుగా బ్యాగును బోర్లించాడు. బొటనవేలి గోటితో కుట్టు వెంట మూడు వైపులా నడిపి, నాలుగో వైపు ఆపి, అక్కడ తోలు నొక్కి చూశాడు. ఫోను తీసి దగ్గరగా రెండు ఫోటోలు తీశాడు. ఆ తర్వాత పట్టీకి కట్టి ఉన్న రైల్వేవాళ్ల చీటీ తిప్పి చదివాడు. గురువారం సాయంత్రం ఐదు నలభైకి సిటీ స్టేషన్లో అప్పగించారనీ, శుక్రవారం పదకొండుంబావుకు తీసుకెళ్లారనీ దాని మీద ఉంది. కింద తారాబాయి సంతకం. కుట్టు కంటే ఆ చీటీనే ఆయన ఎక్కువసేపు చూశాడు.

"ఆ అమ్మాయి ప్రాణాలతో ఉంది గిరిజగారూ. కంగారుపడకండి," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"మీకూ తెలుస్తుంది. కాస్త వెనకా ముందూ."

ఒంటిగంట యాభై ఎనిమిదికి ఆయన కారు వెళ్లిన చప్పుడైంది.

గిరిజ కుసుమ కుర్చీలో కూర్చుంది. శ్రీపతికి ఐదు నిమిషాల్లో తెలిసింది తనకింకా తెలియలేదంటే ఆమెకు ఒళ్లు మండింది. నోట్‌బుక్కు తెరిచి టైములన్నీ ఒకదాని కింద ఒకటి రాసింది. కుసుమ ఈ గదిలో ఉండగా అడుగు విప్పి మళ్లీ కుట్టి ఉంటే సొరుగులోని నారదారమే వాడేది. ట్రైన్లో కూర్చుని అంత గట్టిగా లాగి కుట్టలేదు. స్టేషన్ కౌంటర్లో ఎవరైనా విప్పారనుకుంటే వాళ్లకు ఎడమచేతి వాలు రాదు. మిగిలింది ఒకటే. బ్యాగు పదకొండుంబావుకు తారాబాయి చేతికి వచ్చింది. మూడింటికి తారాబాయి గిరిజ ఆఫీసులో కూర్చుని, పిల్ల కనబడ్తలేదు అంది. ఆ రెండింటి మధ్య దాదాపు నాలుగు గంటలు.

ఇవాళ పొద్దున బ్యాగు తీసుకోవడానికి షాపుకు వెళ్లినప్పుడు తారాబాయి మిషన్ పక్క గోడకు దారపు రీళ్లు వరసగా మేకులకు తగిలించి ఉన్నాయి. అన్నీ పాలియెస్టర్ దారాలు. అన్నీ మెరిసేవే.

రెండు గంటల నాలుగు నిమిషాలకు గిరిజ కారెక్కింది. దారంతా శ్రీపతి కారు కోసం చూసింది. ఎక్కడా కనబడలేదు. రెండు నలభై ఒకటికి తారాబాయి షాపు ముందు ఆగింది. అక్కడా లేదు. ఆయన కంటే ముందే వచ్చాననుకుని ఊపిరి పీల్చుకుంది.

తారాబాయి ఒక ప్యాంటు అంచు మడుస్తోంది. గిరిజ బ్యాగును మిషన్ పక్కన బోర్లించి, మెరిసే కుట్టు మీద వేలు పెట్టింది.

"కుసుమ ఎక్కడుంది, తారాబాయి ఆంటీ?"

తారాబాయి కుట్టు వైపు చూసింది, గిరిజ వైపు చూసింది. బుకాయించలేదు. మిషన్ మీంచి చెయ్యి తీసి, వెనక గదికి అడ్డంగా ఉన్న కర్టెన్ వైపు తిరిగి పేరు పెట్టి పిలిచింది.

కర్టెన్ తొలగించి కుసుమ వచ్చింది. నిద్రలేని కళ్లు, నలిగిన చుడీదారు. గిరిజకు నమస్కారం పెట్టి, తప్పు చేసినట్టు నిలబడింది.

"తిట్టేదుంటే నన్ను తిట్టు," అంది తారాబాయి. "నువ్వు ఊరంతా ఎతుకుతుంటె నా షాపు మీదికి ఎవ్వరి కన్ను పడదనుకున్న. సోమవారం దాంక గడిస్తె చాలనుకున్న."

గిరిజకు కోపం వచ్చింది. కానీ కోప్పడే తీరిక లేదు. దాచింది ఏమిటో చెప్పమని కుసుమను అడిగింది.

కుసుమ తడబడకుండా చెప్పింది. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కే ముందు రోజూ డ్రైవరు ఒక చెకింగ్ షీటు నింపాలి. ప్రమాదం జరిగిన రోజు ఉదయం ఆరు పదికి రాఘవ్ ఆ షీటు మీద, బ్రేకు ఆలస్యంగా పడుతోంది, ఈ బండి నడపకూడదు అని రాశాడు. దాని కిందే ఆరు ఇరవై ఐదుకి ఇంకొకరు, చూశాను, నడపవచ్చు అని రాసి సంతకం పెట్టారు. ఏడు గంటలకు బండి బోల్తాపడింది. మధ్యాహ్నానికి ఫైల్లో అన్నీ టిక్కులే ఉన్న కొత్త షీటు ప్రత్యక్షమైంది. పాతది చింపే కాగితాల ట్రేలో కనిపిస్తే కుసుమ తీసి, ఈ బ్యాగు అడుగున పెట్టి కుట్టేసింది. ఫోటో కూడా తీసింది కానీ, ఫోటో ఎలాగైనా తయారు చెయ్యొచ్చు, అసలు కాగితం తెమ్మని ఇన్‌స్పెక్టరు ఆఫీసువాళ్లు చెప్పారు. గురువారం ఎవరో ఆమె లాకరు పగలగొట్టారు. ఇంటికి వచ్చి, బ్యాగు తీసుకుని ట్రైనెక్కింది. గోడౌను మేనేజరు వెంట తిరిగే మనిషి ఒకడు అదే పెట్టెలో కనబడ్డాడు. తలుపులు మూసుకునే క్షణంలో దిగబోతే బ్యాగు పట్టీ సీటు కాలికి చిక్కుకుంది. బ్యాగు వదిలేసి దూకి, నేరుగా తారాబాయి దగ్గరికి వచ్చింది.

"ఆ రాత్రంతా మాకు కంటి మీద కునుకు లేదు," అంది తారాబాయి. "తెల్లారి పోయి తెచ్చిన. లోపల కాగితం భద్రంగనే ఉండె."

పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదని గిరిజ అడిగింది. కాగితం కంపెనీది కదా, దొంగతనం అంటారని, వీసా పోతుందని భయపడ్డానంది కుసుమ. అంతకంటే వేరే కారణం లేదంది.

"సంతకం ఎవరిది?"

"గోడౌను మనిషిది కాదు మేడమ్. సేఫ్టీ చెకింగుకని బయటినుంచి ఆ ఒక్కరోజు వచ్చిండు. నేను మనిషిని చూడలే. సంతకం కింద పేరు ప్రింటు అక్షరాలల్ల ఉన్నది. శ్రీపతి అని."

గిరిజ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుంది. శ్రీపతి కంపెనీని కాపాడటానికి తిరగడం లేదు. తనను తాను కాపాడుకోవడానికి తిరుగుతున్నాడు. వెతికేది మడిచిన కాగితమని తెలుసు కాబట్టే ఆయన చెయ్యి నేరుగా అడుగుకు పోయింది. దొరికితే అది విచారణ చేతికి రాదు, ఆయన చేతిలోనే మాయమవుతుంది. ఆ బ్యాగును ఆయన ముందు పరిచి, కుట్టు ఫోటో తీసుకోనిచ్చింది తనే.

"కాగితం ఇప్పుడెక్కడుంది? తియ్యి. ఇప్పుడే తీసుకుపోదాం."

కుసుమ తారాబాయి వైపు చూసింది. తారాబాయి చెప్పింది. కాగితం ఇక్కడ లేదు. నిన్న సాయంత్రం కవర్లో పెట్టి, కుట్టిన జాకెట్ల సంచిలో వేసి, తనే తీసుకెళ్లి రాఘవ్ భార్య నవీన చేతిలో పెట్టింది. సోమవారం దాకా బీరువాలో పెట్టమంది. ఆ ఇల్లు ఎవరూ వెతకరు. అదీగాక, అతను ఆఖరిసారి రాసిన రాత. ఆమె ఇంట్లో ఉంటేనే బాగుంటుందని కుసుమ అంది.

"లోపల ఏం రాసుందో నవీనకు చెప్పారా?"

చెప్పలేదు. పెనిమిటి పోయిన పిల్లకు ఆ మాటలు చెప్పడానికి తారాబాయికి నోరు రాలేదు.

శ్రీపతి కారు షాపు ముందు ఎందుకు లేదో గిరిజకు అప్పుడు అర్థమైంది. బ్యాగు అడుగు ఖాళీ అని ఆయన కూడా నొక్కి చూశాడు. కుసుమ దాన్ని తీసి ఎవరికిచ్చి ఉంటుందో తోచడానికి ఆయనకు న్యూ లిన్ నుంచి ఇక్కడికి వచ్చే దారి చాలు. షాపు దాటి నవీన ఇంటికి పోయి ఉంటాడు.

నెరిసిన మీసం, తెల్ల షర్టు, మర్యాదగా మాట్లాడే మనిషి ఎవరైనా నవీనకు తెలుసా అని గిరిజ అడిగింది. ఆ పోలికలు వినగానే తారాబాయి ప్యాంటు పక్కన పడేసి లేచింది. గోడౌను నుంచి రాఘవ్ జాకెట్టు, టిఫిను డబ్బా ఇంటికి తెచ్చిచ్చిన పెద్దమనిషి అలాగే ఉంటాడని, పేరు తనెప్పుడూ అడగలేదని అంది. శవాన్ని కరీంనగర్ పంపే కాగితాల పనంతా ఆయనే దగ్గరుండి చూశాడట. నవీన ఆయన్ని దేవుడిలా తలుస్తుందట.

రెండు యాభై మూడు. గిరిజ తారాబాయి చెప్పిన నవీన నంబరు నొక్కింది. నాలుగో రింగుకు ఎత్తింది. వెనక గిన్నె చప్పుడు, స్టవ్ చప్పుడు. గిరిజ తన పేరు, తారాబాయి పేరు చెప్పి, నిన్న ఇచ్చిన కవరు భద్రంగా ఉందా అని నెమ్మదిగా అడిగింది.

"ఉన్నదక్కా," అంది నవీన. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త ధైర్యం చిక్కినట్టుంది. "శ్రీపతి సార్ వచ్చిండ్రు. ఇంగ్లీషుల ఉన్నదని ఆయనకే ఇచ్చిన, చదివి చెప్పుమని. నేను చాయ్ పెడుతున్న. సార్ ఇంక చదువుతనే ఉన్నరు."